సెవెన్ ఏసెయ్యండి!

కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు పాత విండోస్ ఎందుకు అడుగుతున్నారు? జవాబు కోనసీమ డీటీపీ షాపుల్లో, ఏళ్ల తరబడి పోగుపడిన తెలుగు ఫైళ్లలో ఉంది.

"నిన్ననే డబ్బా ఇప్పేం. అదేదో లెవెనంట. మనకొద్దు గానీ, ఇందులో సెవెన్ ఏసెయ్యి."

"దీంట్లోకి సెవెన్ ఎక్కదండి బాబాయ్‌గారూ. టెన్ వరకూ అయితే చూద్దాం."

"ఎక్కకపోతే మరి నా శుభలేఖలేం కావాల్రా అబ్బాయ్?"

అమలాపురంలోనో రాజోలులోనో కొత్తపేటలోనో, కంప్యూటర్లు బాగుచేసే షాపు దగ్గర కాసేపు నిలబడితే ఇంచుమించు ఇలాంటి మాటలే చెవిన పడతాయి. వేలకు వేలు పోసి కొన్న కొత్త ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని, పదిహేనేళ్ల కిందటి విండోస్ వేయమని అడిగే మనిషిని చూసి పక్కవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. కొత్తంటే భయమనీ, నేర్చుకోవడానికి బద్ధకమనీ అనుకుంటారు. ఆ మాట తప్పు. ఆయన అడుగుతున్నది తన పని. రేపు పొద్దున్న ప్రెస్సుకు వెళ్లాల్సిన శుభలేఖ, సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థం కరపత్రం, మాఘంలో అంతర్వేది కల్యాణానికి వేసే ఆహ్వానం, ఎవరో రిటైరైన మాస్టారు సొంత ఖర్చుతో వేయించుకుంటున్న పద్యాల పుస్తకం. అవన్నీ ఏ సాఫ్ట్‌వేరులో ఉన్నాయో ఆ సాఫ్ట్‌వేరు ఏ విండోస్‌లో తెరుచుకుంటుందో ఆ విండోస్ ఆయనకు కావాలి. అంతకుమించి విండోస్ మీద ఆయనకు మమకారమేమీ లేదు.

ఇది ఒక్క కోనసీమ కథ కాదు. తెలుగులో అచ్చుపని జరిగే ప్రతి ఊళ్లోనూ ఇదే కథ. కాకపోతే రెండు గోదావరి పాయల మధ్య ఉన్న ఈ ఊళ్లలో పెళ్లికీ, గృహప్రవేశానికీ, తీర్థానికీ, తద్దినానికీ కూడా ఒక కాగితం అచ్చవ్వాలి. అందుకని ఇక్కడ ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

పేజ్‌మేకర్, అను: విడదీయరాని జంట

డీటీపీ షాపులో పాతికేళ్లుగా రెండే పేర్లు ఎక్కువగా వినబడుతున్నాయి. ఒకటి పేజీలు కూర్చే పేజ్‌మేకర్, రెండోది తెలుగు ఫాంట్లు ఇచ్చే అను. శుభలేఖల దగ్గరికొచ్చేసరికి కోరల్‌డ్రా కూడా తోడవుతుంది.

పేజ్‌మేకర్‌ను 1985లో ఆల్డస్ అనే అమెరికా సంస్థ మెకింటోష్ కంప్యూటర్ల కోసం తెచ్చింది. సీసం అక్షరాలు పేర్చే పనిని బల్లమీది కంప్యూటర్ దగ్గరికి చేర్చిన సాఫ్ట్‌వేర్లలో అది ముఖ్యమైనది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది. 2001లో 7.0 వెర్షన్ వచ్చింది. ఆ తర్వాత చిన్న చిన్న మరమ్మతులే తప్ప కొత్త వెర్షన్ రాలేదు. అడోబీ దృష్టంతా ఇన్‌డిజైన్ మీదికి మళ్లింది. అంటే ఈరోజు మన ఊళ్లో ఎవరైనా పేజ్‌మేకర్ తెరుస్తున్నారంటే, విండోస్ ఎక్స్‌పీ పుట్టిన ఏడాదే పుట్టి అక్కడితో ఎదుగుదల ఆగిపోయిన సాఫ్ట్‌వేరును తెరుస్తున్నట్టు. అన్ని భాషల అక్షరాలకూ విడివిడిగా సంఖ్యలిచ్చే యూనికోడ్ పేజ్‌మేకర్‌కు తెలియదు. ఒక అక్షరానికి ఒక బైటు, మొత్తం 256 గళ్లు. దానికి తెలిసిన లోకం అంతే.

ఆ 256 గళ్లలో తెలుగును ఇమడ్చడం చిన్న సంగతి కాదు. అచ్చులు, హల్లులు, ఒక్కో హల్లుకీ గుణింతం, ఒక్కోదానికీ వత్తు, వాటి కలయికలు లెక్కేస్తే వేలల్లోకి పోతాయి. అను ఫాంట్లు తయారుచేసినవాళ్లు, శ్రీలిపి లాంటి వాటిని తయారుచేసినవాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు. అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఆ ముక్కలను ఇంగ్లీషు అక్షరాలూ, యూరప్ భాషల గుర్తులూ ఉండే గళ్లలో కూర్చోబెట్టారు. ఆపరేటర్ మీట నొక్కగానే, వెనకాల నడుస్తున్న స్క్రిప్ట్ మేనేజర్ ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలో చూసి తెర మీద పేరుస్తుంది. పేజ్‌మేకర్ మాత్రం తనకు వచ్చినదంతా ఇంగ్లీషే అనుకుంటుంది.

తెలుగు అచ్చును నిలబెట్టిన ఉపాయమది. కంప్యూటరుకు తెలుగు రాని రోజుల్లో పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు దాని పుణ్యాన వెలువడ్డాయి. ఆ తయారీదార్లకు తెలుగువాళ్లం రుణపడి ఉన్నాం. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, అలా చేసిన ఫైలులో తెలుగు లేదు. అను ఫాంటు లేని కంప్యూటరులో ఆ శుభలేఖ ఫైలు తెరిచి చూడండి. "చి.ల.సౌ." ఉండాల్సిన చోట తలపైన చుక్కలూ గీతలూ ఉన్న రోమన్ అక్షరాలు, మధ్యలో డాలరు గుర్తు, ఒక కొటేషను, ఒక శాతం గుర్తు కనబడతాయి. పెళ్లికూతురి పేరు ఎక్కడుందో, తండ్రిగారి ఇంటిపేరు ఎక్కడుందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఆ గుర్తులను మళ్లీ తెలుగుగా చూపించాలంటే అదే ఫాంటు కావాలి. దాన్ని దిద్దాలంటే అదే స్క్రిప్ట్ మేనేజర్ కావాలి. అది నమ్మకంగా నడవాలంటే అది పుట్టిన కాలం నాటి విండోస్ కావాలి.

దీనికి తోడు వేళ్ల అలవాటు. అను వాడేవారిలో కొందరిది యాపిల్ కీబోర్డు, కొందరిది మాడ్యులర్. ఏ మీటలో ఏ అక్షరం ఉందో వాళ్లు చూడరు. రాతప్రతి మీద కళ్లు, కీబోర్డు మీద వేళ్లు, నోట్లో పక్కవాళ్లతో కబుర్లు. ప్రభుత్వం 1986లో ప్రామాణికం చేసిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లో ఉచితంగానే దొరుకుతుంది. కానీ పేజీకి ఇంత అని కూలి తీసుకునే మనిషికి కొత్త కీబోర్డు నేర్చుకునే నెలల్లో సంపాదన ఎవరిస్తారు?

కొత్త ల్యాప్‌టాప్ కిందికెందుకు దిగదు?

ఇక రిపేరు షాపు అబ్బాయి చెప్పిన మాట దగ్గరికొద్దాం. "సెవెన్ ఎక్కదండి" అన్నది అతను పని తప్పించుకోవడానికి అన్న మాట కాదు. అందులో నిజముంది.

విండోస్ 7 వచ్చింది 2009 అక్టోబరు 22న. ఆనాటి కంప్యూటర్లకు తగ్గట్టు దాన్ని చేశారు. దాని ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ తెచ్చి ఇప్పటి ల్యాప్‌టాప్‌కు పెడితే ఏం జరుగుతుందో చూడండి. ముందు బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపాలి. ఆపాక నల్లటి తెర మీద "స్టార్టింగ్ విండోస్" అని వస్తుంది. నాలుగు రంగుల చుక్కలు కలిసి జెండా కావాలి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో అక్కడే బిగుసుకుపోతుంది. తెర మీద బొమ్మ చూపించడానికి సెవెన్ పాతకాలం బయోస్ సేవను అడుగుతుంది. ఆ పాత పద్ధతిని 2020కల్లా తీసేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది. అడిగిన సేవ అందించేవాళ్లు లేక సెవెన్ అలా నిలబడిపోతుంది.

ఎలాగో ఆ గండం దాటిందనుకుందాం. భాష ఎంచుకోమనే పెట్టె వస్తుంది. మౌస్ కదలదు. సెవెన్‌కు యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు లేవు మరి. టచ్‌ప్యాడ్ మీద ఎంత రాసినా బాణం గుర్తు ఉలకదు, పలకదు. కీబోర్డు పనిచేసి, ట్యాబ్ మీట నొక్కుకుంటూ ముందుకెళితే, సీడీ డ్రైవు డ్రైవరు దొరకలేదని ఒక సందేశం. సీడీ డ్రైవే లేని ల్యాప్‌టాప్‌లో ఈ మాటకు అర్థమేంటని కొత్తవాళ్లు తల పట్టుకుంటారు. అది వెతుకుతున్నది పెన్‌డ్రైవునే. యూఎస్‌బీ తెలియక దాన్ని గుర్తుపట్టలేకపోతోంది. ఆ తర్వాత ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ కనబడదు, దానికీ విడిగా డ్రైవరు కలపాలి. ఇవన్నీ కలిపి ఓపికున్న కుర్రాడెవరో లోపలికి ఎక్కించినా, చివరికి వైఫై ఉండదు. తెర వెలుగు తగ్గదు, పెరగదు. అక్షరాలు బొద్దుగా మసగ్గా కనబడతాయి. ఎందుకంటే ఇప్పటి ఇంటెల్ గ్రాఫిక్స్‌కు సెవెన్ డ్రైవర్లు ఎవరూ రాయలేదు. అక్షరం అంచు చూసి పొట్టపోసుకునే పనికి ఆ తెర ఎందుకు పనికొస్తుంది?

విండోస్ 11తోనే సర్దుకుందామంటే మరో అడ్డంకి. 11లో 32 బిట్ వెర్షన్ లేదు. పదహారు బిట్ల కాలం నాటి ప్రోగ్రాములు, వాటి ఇన్‌స్టాలర్లు 64 బిట్ విండోస్‌లో కదలవు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లు కొన్ని ఎస్ మోడ్‌లో వస్తాయి. అందులో మైక్రోసాఫ్ట్ స్టోరులో దొరికేవి తప్ప బయటి సాఫ్ట్‌వేరు ఎక్కదు. ఎస్ మోడ్ నుంచి బయటికి రావడం ఉచితమే గానీ ఆ సంగతి చెప్పేవాళ్లుండాలి. ప్యారలల్ పోర్టుకు తగిలించే పాత డాట్‌మ్యాట్రిక్స్ ప్రింటరుకూ, సాఫ్ట్‌వేరు తెరుచుకోవాలంటే వెనకాల గుచ్చాల్సిన హార్డ్‌వేర్ లాకులకూ కొత్త ల్యాప్‌టాప్‌లో చోటే లేదు.

ఇక షాపులోని పాత డెస్క్‌టాప్ సంగతి. దాన్ని 11కు ఎక్కిద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరు ఉండాలి అంటుంది మైక్రోసాఫ్ట్. పాతది పైకి ఎక్కదు, కొత్తది కిందికి దిగదు. మధ్యలో ఇరుక్కున్నది కంపోజింగ్ చేసుకునే మనిషి.

వెనక్కి వెళ్లే హక్కు ఎవరిది?

ఈ విషయంలో నాకు కచ్చితమైన అభిప్రాయం ఉంది. డబ్బు పెట్టి కొన్న యంత్రంలో ఏది నడవాలో నిర్ణయించుకునే హక్కు కొన్నవాడికి ఉండాలి. ఇలా అడిగినవాళ్లలో మనవాళ్లు మొదటివాళ్లేమీ కాదు.

2007 జనవరిలో విండోస్ విస్టా మార్కెట్లోకి వచ్చినప్పుడు అమెరికాలోనే జనం గోల పెట్టారు. కొత్త కంప్యూటర్లలో ఎక్స్‌పీయే ఇమ్మని డెల్ కంపెనీని అడిగితే, ఆ ఏప్రిల్‌లోనే కొన్ని మోడళ్లలో ఎక్స్‌పీని తిరిగి పెట్టింది. ఎక్స్‌పీ అమ్మకాలను 2008 జనవరితో ఆపుదామనుకున్న మైక్రోసాఫ్ట్ గడువును ఆ జూన్ వరకూ పొడిగించింది. కొనేవాళ్లు గట్టిగా అడిగితే కంపెనీలు దిగివచ్చాయి. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'కు మూలమైన నవలలు రాసిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ఇప్పటికీ డాస్ కంప్యూటర్లో వర్డ్‌స్టార్ 4.0 మీద రాస్తానని 2014లో ఒక టీవీ కార్యక్రమంలో చెప్పాడు. ఆయన్ని ఎవరూ వెనకబడినవాడనలేదు. ఆయన రాసే ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ లేదన్న సంగతి గుర్తుపెట్టుకోండి; దాని అవసరం ముందు వస్తుంది.

కాగితం మీద ఆ హక్కు ఇప్పటికీ ఉంది, కానీ అందరికీ లేదు. విండోస్ 11 ప్రో లైసెన్సుతో వచ్చిన ల్యాప్‌టాప్‌లో 10 ప్రో వేసుకోవచ్చని మైక్రోసాఫ్ట్ నిబంధనలే చెబుతున్నాయి. హోం ఎడిషన్‌కు ఆ సౌకర్యం లేదు. మన దేశంలో మామూలు ధరకు అమ్మే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనబడేది "హోం సింగిల్ లాంగ్వేజ్". బిల్లు కట్టేటప్పుడు ఈ తేడా అడిగేవాళ్లు అరుదు, చెప్పేవాళ్లు ఇంకా అరుదు. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లడానికి సెట్టింగుల్లో పది రోజుల గడువుతో ఒక మీట ఉంటుందని విన్నవాళ్లు దానికోసం వెతుకుతారు. అది 10 నుంచి 11కు అప్‌గ్రేడ్ అయిన కంప్యూటర్లకే. 11తోనే పుట్టిన ల్యాప్‌టాప్‌లో అది పనికిరాదు, మొత్తం తుడిచి కొత్తగా వేయాల్సిందే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. విండోస్ 11 హోం వేసిన కొత్త ల్యాప్‌టాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఇంటర్నెట్ కావాలంటుంది, మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. 2022 మే 24న జిల్లా పేరు మీద అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. ఇళ్ల నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ అందే చోటు వెతుక్కుంటూ ల్యాప్‌టాప్‌లు పట్టుకుని తిరిగారు. ఇంటర్నెట్ లేకపోతే తలుపే తీయని యంత్రం అలాంటి రోజుల్లో ఎవరికి పనికొస్తుంది? తుపానులకు కరెంటూ, సిగ్నలూ పోయే తీరప్రాంతంలో ఈ ప్రశ్న ఊరికే వేసేది కాదు.

పెన్‌డ్రైవులో వచ్చే ముప్పు

హక్కు ఉండాలన్నంత మాత్రాన పాత విండోస్ క్షేమమని చెప్పలేను. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, సెవెన్‌కు 2020 జనవరి 14తో భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకి ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు వంద వరకూ దాని బారిన పడ్డాయి. ఆ దెబ్బకు ఎక్కువగా పడినవి విండోస్ 7 కంప్యూటర్లే. దానికి మందు మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. ఇప్పుడు సెవెన్‌కు కొత్తగా మందిచ్చేవాళ్లే లేరు. క్రోమ్ బ్రౌజరు కూడా 2023 మొదట్లో వచ్చిన 109వ వెర్షన్‌తో సెవెన్‌ను వదిలేసింది.

అంతకన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. చేతులు మారుతూ తిరిగే "సెవెన్ ఫుల్ లోడ్" పెన్‌డ్రైవుల్లో విండోస్‌తో పాటు, లైసెన్సు లేకుండానే దాన్ని నడిపించే యాక్టివేటర్ అని ఒకటి ఉంటుంది. అది నడవాలంటే యాంటీవైరస్ ఆపమంటుంది. ఆపాక లోపలికి ఏం వచ్చిందో తెలిసే దారి లేదు. కంపోజింగ్‌తో పాటు అదే కంప్యూటర్లో ఆధార్ కాపీలు, పాస్‌పోర్టు స్కానులు, గల్ఫ్ వెళ్లేవాళ్ల వీసా కాగితాలు, కరెంటు బిల్లులు కట్టే పనీ జరుగుతుంటాయి. రాజోలు, మలికిపురం వైపు ఎన్ని కుటుంబాల బతుకు గల్ఫ్ కాగితాల మీద నడుస్తోందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఎవరి పాస్‌పోర్టో స్కాన్ చేసిన కంప్యూటర్లో దొంగ విండోస్ ఉండటం మన ఒక్కరి నష్టంతో పోయే విషయం కాదు.

మరి చేయగలిగిందేంటి?

నా మాట వింటే, కొత్త ల్యాప్‌టాప్‌ను తుడవకండి. దాని లోపల పాత విండోస్‌కు ఒక గది కట్టండి. వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఆ పని చేస్తుంది. కంప్యూటరులోపల ఇంకో కంప్యూటరు ఉన్నట్టు అది ఒక కిటికీలో పాత విండోస్‌ను నడుపుతుంది. ఎన్‌వీఎంఈ, గ్రాఫిక్స్, యూఎస్‌బీ 3.0 గొడవలేవీ దాని లోపలికి రావు, పాత విండోస్‌కు తెలిసిన పాత సామానునే అది చూపిస్తుంది. సెవెన్ 32 బిట్‌కు కనీసం 1 జీబీ ర్యామ్ చాలన్నారు మైక్రోసాఫ్ట్ వాళ్లు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో 2 జీబీ దానికిచ్చినా మిగతాది హాయిగా నడుస్తుంది. షాపులో మూలనపడ్డ పాత కంప్యూటరుతో వచ్చిన సెవెన్‌ను ఇక్కడికి తెచ్చుకోవచ్చా అన్నది దాని లైసెన్సు కాగితం చూసి తేల్చుకోవాలి. అదే ముఖ్యమైన మెట్టు, దాన్ని దాటేయకండి. ఆ గదికి నెట్‌వర్కు మాత్రం ఇవ్వొద్దు. సెట్టింగుల్లో నెట్‌వర్క్ అడాప్టర్ టిక్ తీసేయండి. మార్టిన్ డాస్ కంప్యూటరుకు ఉన్న రక్షణే మీ పేజ్‌మేకర్‌కూ దొరుకుతుంది. పూర్తయిన పేజీని పీడీఎఫ్‌గా చేసి, షేర్డ్ ఫోల్డర్‌లోంచి బయటికి తెచ్చుకుంటే సరి.

కాదు, విండోస్ 10 నేరుగా వేయాల్సిందే అంటే దానికీ దారుంది. 2025 అక్టోబరు 14తో 10కి మామూలు మద్దతు ముగిసింది. ఇంట్లో వాడేవాళ్లకు 2026 అక్టోబరు 13 వరకూ అదనపు భద్రతా మరమ్మతులు అందే పథకం ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు సింక్ చేసుకునేవాళ్లకు అది ఉచితమే. కానీ వేసేముందు ఒక జాగ్రత్త చెప్పాలి. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావరకూ డిస్కును తమంతట తామే బిట్‌లాకర్ తరహా తాళంతో కట్టేస్తాయి. బయోస్‌లో ఏదైనా మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతాయి. ఆ అంకెలు ఎవరి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ల్యాప్‌టాప్ మొదట తెరిచారో ఆ ఖాతాలో ఉంటాయి. చాలాసార్లు ఆ ఖాతా షాపు కుర్రాడు అప్పటికప్పుడు తెరిచి ఇచ్చినదై ఉంటుంది, పాస్‌వర్డు ఎవరికీ గుర్తుండదు. అందుకని బయోస్ ముట్టుకోకముందే ఆ 48 అంకెలు కాగితం మీద రాసుకోండి. కంపెనీ ఇచ్చిన 11ను పెన్‌డ్రైవు మీద రికవరీగా తీసి ఉంచుకోండి. లైసెన్సు కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది కాబట్టి, రేపు మనసు మారితే 11 మళ్లీ వేసుకోవచ్చు, కీ కొనక్కర్లేదు. పదకొండో తరం, ఆ తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో 10 వేస్తుంటే డిస్కే కనబడకపోవచ్చు. పాడైందని కంగారుపడకండి, ఇంటెల్ వీఎండీ డ్రైవరు పెన్‌డ్రైవులో వేసి చూపిస్తే కనబడుతుంది.

అక్షరాలను బయటికి తీయాలి

ఇవన్నీ నాలుగైదేళ్లు గడుపుకోవడానికే. తర్వాత వర్చువల్‌బాక్స్ కూడా పాత విండోస్‌ను మరిచిపోవచ్చు. కోనసీమ డీటీపీ షాపుల్లో హార్డుడిస్కుల నిండా ఉన్నది ఒక ప్రాంతం రాసుకున్న చరిత్ర. ఊరి దేవుడి స్థలపురాణం, హైస్కూలు స్వర్ణోత్సవ సంచిక, పేరు బయటికి రాని కవి పద్యాలు, వైద్యుడు రాసుకున్న యోగాలు. అచ్చయిన వాటిలో చాలా పుస్తకాలు వంద, రెండొందల ప్రతులు వేసి పంచిపెట్టినవే. ఆ ప్రతులు చెదలు తింటే మిగిలేది ఆ ఫైలే. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసినవాళ్లకు, ఒక్క చోట దాచుకున్నదానికి ఏమవుతుందో తెలుసు.

కంప్యూటరుకు తెలుగు రాని రోజులు పోయి చాలా కాలమైంది. 1991 నాటి యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగు ఉంది. విండోస్‌లో తెలుగుకు చోటు ఎక్స్‌పీతో 2001లోనే దొరికింది. దాంతో వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి. సిలికానాంధ్ర, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి విడుదల చేసిన ఉచిత ఫాంట్లతో శీర్షికలకు కావాల్సినంత వైవిధ్యం వచ్చింది. పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లలో మూసుకుపోయి ఉన్న రోజుల్లో నాగార్జున వెన్న రాసిన 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించింది. ఇప్పుడు అను రాతను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలూ ఉన్నాయి.

అయినా షాపులు ఎందుకు మారలేదంటే, మారినవాళ్లకు ఎదురైన చేదు అనుభవం వల్ల. యూనికోడ్ తెలుగును ఫోటోషాప్‌లోనో ఇన్‌డిజైన్‌లోనో అతికిస్తే వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. "ఇది తెలుగుకు పనికిరాదండీ" అని అక్కడితో వదిలేస్తారు. లోపం యూనికోడ్‌ది కాదు. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూలో కంపోజర్‌ను "వరల్డ్ రెడీ"కి మార్చాలి. ఫోటోషాప్‌లో టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఎంపిక పెట్టాలి. ఆ ఒక్క మార్పుతో వత్తు అక్షరం కిందికి చేరుతుంది. ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేక ఎంతమంది పేజ్‌మేకర్ దగ్గరే ఆగిపోయారో తలుచుకుంటే బాధేస్తుంది. పేజీ కూలి పోకుండా వారం రోజులు నేర్పే శిక్షణ ఒకటి జిల్లా కేంద్రంలో పెడితే, యాపిల్, మాడ్యులర్ వరుసల్లోనే యూనికోడ్ టైపు చేయించే ఉచిత కీబోర్డులు ఉన్నాయని కూడా అక్కడ చెప్పొచ్చు. అప్పుడు వేళ్లు కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ ఉండదు. జిల్లా గ్రంథాలయ సంస్థ పూనుకుంటే అయ్యే పని ఇది.

మార్చేటప్పుడు ప్రూఫు మాత్రం కంటితో చూడాల్సిందే. అను ఫైలులో "లక్ష్మి" అన్న మాటలో ముందు గుడితో కూడిన 'క్షి' వస్తుంది, ఆ తర్వాత మవత్తు. యూనికోడ్‌లో గుడి అన్నిటికన్నా చివర రావాలి. కన్వర్టరు ఈ వరుసను తిరగేయాలి. అరుదైన సంయుక్తాల దగ్గర తడబడుతుంది. ఫైలు మధ్యలో ఫోను నంబరు పక్కన నిజంగానే ఇంగ్లీషులో పేరో, డిగ్రీయో ఉంటే దాన్ని కూడా తెలుగనుకుని మార్చి గజిబిజి చేస్తుంది. పెళ్లికార్డుల పాత ఫైళ్లతో మొదలుపెట్టకండి, అవి మళ్లీ అక్కర్లేదు. ముందు పుస్తకాల ఫైళ్లు తీయండి. రచయిత బతికి ఉన్న పుస్తకం ఇంకా ముందు తీయండి, ప్రూఫు ఆయనే దిద్దిపెడతారు.